నర్సుకు ముందు పని నేర్పండి.. ఆ తర్వాతే పసికందును అప్పగించండి

నర్సింగ్ పూర్తి చేసిన అమ్మాయి ఉన్న ఇళ్లలో ఈ మధ్య ఒక చర్చ తరచూ వింటున్నాను. ఉద్యోగం వచ్చింది, కానీ డ్యూటీ నవజాత శిశువుల ఐసీయూలో అట. పంపాలా, వద్దా? తల్లి భయం ఒకటి. రాత్రి డ్యూటీలు, కళ్ల ముందే పసిపిల్లల ప్రాణాలు పోవడం.. ఈ పిల్ల తట్టుకుంటుందా అని. తండ్రి లెక్క ఇంకొకటి. జీతమెంత, పర్మినెంట్ ఎప్పుడు, సంబంధాలు చూసేటప్పుడు అవతలివాళ్లు ఏమంటారు అని. ఈలోగా చుట్టాల్లో ఎవరో ఒకరు 'చంటిపిల్లల వార్డే కదా, పాలు పట్టడం, గుడ్డలు మార్చడం. అంతకంటే తేలికైన పని ఏముంది?' అని తేల్చేస్తారు.

ప్రభుత్వాసుపత్రిలో ఇలాంటి పిల్లలకు వైద్యం చేసేవాడిగా నా మాట ఇది. అమ్మాయికి ఇష్టముంటే సంతోషంగా పంపండి. అబ్బాయి నర్సింగ్ చదివినా ఇదే మాట. అది తేలిక పని కాదు గానీ, చేసిన పని ఫలితం కళ్లారా చూసుకునే అదృష్టం ఆసుపత్రిలో అందరికీ దక్కదు. అయితే చేరే ముందు, జీతం గురించి అడగడానికి కూడా ముందు, ఒక ప్రశ్న అడగమనండి. 'కొత్తగా చేరిన నర్సుకు ఇక్కడ ఎన్నాళ్లు పని నేర్పుతారు? పిల్లల్ని ఒంటరిగా ఎప్పుడు అప్పగిస్తారు?'

ఈ ప్రశ్న ఉద్యోగంలో చేరేవాళ్లకే సంబంధించిందని అనుకోకండి. రేపు మీ ఇంట్లో నెలలు నిండకుండా ఒక బిడ్డ పుట్టి, అదే వార్డులో ఉండాల్సి వస్తే, ఆ బిడ్డ క్షేమం కూడా దీని జవాబు మీదే ఆధారపడి ఉంటుంది.

28 రోజుల గండం

పుట్టిన మొదటి 28 రోజులను నవజాత దశ అంటాం. బిడ్డ జీవితంలో అన్నిటికంటే ప్రమాదకరమైన రోజులు ఇవే. మన దేశంలో 2010లో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 33 మంది ఈ నాలుగు వారాలు దాటలేకపోయారు. 2020 నాటికి ఆ సంఖ్య 20కి తగ్గింది. 2014లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన నవజాత శిశు కార్యాచరణ ప్రణాళిక 2030 నాటికి దీన్ని పది లోపుకు తేవాలని లక్ష్యం పెట్టుకుంది.

ఈ పిల్లల ప్రాణాలు తీసేవి ముఖ్యంగా మూడు. నెలలు నిండకుండా, బరువు తక్కువగా పుట్టడం. పుట్టగానే ఏడవక, ఊపిరి అందకపోవడం. ఇన్ఫెక్షన్లు. వీటిని ఎదుర్కోవడానికే ప్రసవాలు జరిగే ప్రతిచోటా ఒక న్యూబార్న్ కార్నర్, కమ్యూనిటీ హెల్త్ సెంటర్ స్థాయిలో చిన్న యూనిట్, జిల్లా ఆసుపత్రిలో కనీసం 12 పడకల ఎస్ఎన్‌సీయూ అనే అంచెల ఏర్పాటు వచ్చింది. వెంటిలేటర్ అవసరమైన పిల్లలు అక్కడి నుంచి బోధనాసుపత్రుల్లోని ఎన్ఐసీయూలకు వెళతారు. కార్పొరేట్ ఆసుపత్రుల్లోనూ, పట్టణాల్లోని పిల్లల నర్సింగ్ హోముల్లోనూ ఎన్ఐసీయూలు వచ్చాయి.

భవనం కట్టారు, వార్మర్లు కొన్నారు, మానిటర్లు బిగించారు. కానీ వార్మర్ బిడ్డను వెచ్చగా ఉంచుతుందే తప్ప, బిడ్డ రంగు మారిందని చెప్పదు. ఆ పని నర్సుది.

నోరులేని రోగి

పెద్దవాళ్లకు బాగోలేకపోతే 'ఛాతీలో నొప్పిగా ఉంది సిస్టర్' అని చెబుతారు. ఏడాది పిల్లాడైనా ఏడుపుతో చెబుతాడు. ఏడెనిమిది నెలలకే పుట్టిన కిలో బిడ్డ ఏడవడానికి కూడా ఓపిక లేకుండా పడుకుని ఉంటుంది. నిన్న చక్కగా కదిలిన బిడ్డ ఇవాళ మందంగా ఉంది. పొద్దున పట్టిన పాలు అరగక గొట్టంలోంచి వెనక్కి వస్తున్నాయి. పొట్ట కాస్త ఉబ్బింది. పాదాలు చల్లగా ఉన్నాయి. రక్తంలో ఇన్ఫెక్షన్ మొదలైందనడానికి మొదట కనిపించేవి ఇవే. రక్త పరీక్ష రిపోర్టు వచ్చేదాకా ఆగితే ఆలస్యమైపోవచ్చు. డాక్టర్ రౌండ్స్‌లో ఒక్కో బిడ్డ దగ్గర నిలబడేది కొన్ని నిమిషాలు. నర్సు షిఫ్టంతా అక్కడే ఉంటుంది. 'సార్, ఈ బిడ్డ ఎందుకో నిన్నటిలా లేదు' అని అనుభవమున్న సిస్టర్ అంటే, మానిటర్‌లో అంకెలన్నీ బాగున్నా నేను వెనక్కి వచ్చి చూస్తాను. ఆ చూపు పుస్తకంతో రాదు. వందల మంది పిల్లల్ని, పక్కన ఒకరు చూపిస్తుండగా, చూస్తే వస్తుంది.

ఇక లెక్కలు. జెంటామైసిన్ అనే మామూలు యాంటీబయాటిక్‌నే తీసుకుందాం. పెద్దలకు వాడే 2 మి.లీ. ఆంప్యూల్‌లో 80 మి.గ్రా. మందు ఉంటుంది. కిలో బిడ్డకు డాక్టర్ 4 మి.గ్రా. రాశారనుకోండి. అంటే ఆ ఆంప్యూల్‌లోంచి కావలసింది 0.1 మి.లీ. దశాంశ బిందువు ఒక్క స్థానం జరిగితే అది 1 మి.లీ. అవుతుంది. పది రెట్ల డోసు. ఆ మందు మోతాదు మించితే కిడ్నీలకూ వినికిడికీ చేటు. పెద్దల వార్డులో ఇన్నేళ్లు పనిచేసిన నర్సుకైనా ఈ లెక్క కొత్తే.

రక్తం సంగతీ అంతే. కిలో బిడ్డ ఒంట్లో మొత్తం రక్తం ఇంచుమించు 80 నుంచి 100 మి.లీ. మన టీ కొట్టు గ్లాసులో పట్టేంత. పరీక్షకని ఒక మి.లీ. తీస్తే బిడ్డ రక్తంలో సుమారు వందో వంతు తీసినట్టు.

ఆక్సిజన్ తగ్గితే మెదడుకు ప్రమాదమని అందరికీ తెలుసు. నెలలు నిండని పిల్లల్లో ఎక్కువైనా ప్రమాదమే. కంటి వెనక రెటీనాలో రక్తనాళాలు అడ్డదిడ్డంగా పెరిగి చూపు పోవచ్చు. అందుకే ఆక్సిజన్ పెట్టిన ఇలాంటి పిల్లల్లో పల్స్ ఆక్సీమీటర్ అంకె 90 నుంచి 95 మధ్య ఉండేలా చూసుకోవాలి. వంద చూపిస్తే ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు. నేర్చుకున్న నర్సు మాత్రం వెంటనే ఆక్సిజన్ తగ్గిస్తుంది. రెండు కిలోల లోపు బరువుతో గానీ, 34 వారాల లోపు గానీ పుట్టిన పిల్లలకు నెలలోపే కంటి పరీక్ష జరగాలని గుర్తుపెట్టుకుని తల్లికి చెప్పేది కూడా చాలాచోట్ల ఆమే.

కాలేజీలో నేర్చుకోలేదా?

మీకు ఈ అనుమానం రావడం న్యాయమే. జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. ఇన్నేళ్లు చదివాక మళ్లీ నేర్పడమేంటి?

ఆ చదువు నర్సును అన్ని వార్డులకూ సిద్ధం చేయడానికి ఉద్దేశించింది. మెడిసిన్, సర్జరీ, కాన్పులు, మానసిక ఆరోగ్యం, కమ్యూనిటీ హెల్త్.. వీటన్నిటి మధ్య నవజాత శిశువుకు దొరికేది కొన్ని వారాలు. ఆ వారాల్లోనూ ఇన్ఫెక్షన్ భయంతో విద్యార్థులను పిల్లల దగ్గరకు ఎక్కువగా రానివ్వరు. దూరంగా నిలబడి చూస్తారు, రికార్డు బుక్ రాసుకుంటారు. కాబట్టి డిగ్రీ చేతికొచ్చిన అమ్మాయి కిలో బిడ్డకు కాన్యులా పెట్టడం ఎప్పుడూ చేసి ఉండకపోవచ్చు. ఇందులో ఆమె తప్పేమీ లేదు. ఎంబీబీఎస్ పాసైన డాక్టర్ పరిస్థితీ ఇంతే. అందుకే అతన్ని సీనియర్ పక్కన పెట్టి పని నేర్పుతాం. నర్సు విషయానికి వచ్చేసరికి ఆ ఓపిక మనకు ఎందుకు ఉండదన్నదే నా బాధ.

జరుగుతున్నది చూడండి. చాలాచోట్ల కొత్త నర్సుకు రెండు మూడు రోజులు వార్డు చూపిస్తారు. ఆ వారమే డ్యూటీ చార్టులో పేరు పడుతుంది. సీనియర్లు పగలు ఉంటారు కాబట్టి రాత్రి కొత్తవాళ్లకు వస్తుంది. అంటే, అడగడానికి పక్కన ఎవరూ లేని వేళలోనే, ఏమీ తెలియని మనిషి ఉంటుంది. ఎస్ఎన్‌సీయూలో షిఫ్టుకు ముగ్గురు నలుగురు పిల్లలకు ఒక నర్సు ఉండాలన్నది ప్రభుత్వ మార్గదర్శకాల మాట. వెంటిలేటర్ మీద ఉన్న బిడ్డకైతే ఒకరికి ఒకరు ఉండటం మేలు. ఒక్క నర్సు ఎనిమిది మంది పిల్లల మధ్య తిరిగే రాత్రులు నాకు తెలుసు. అలాంటి రాత్రి ఒక బిడ్డ ఊపిరి ఆపితే, ఇంకో బిడ్డ సలైన్ వాచిపోతే, ఆ అమ్మాయి ముందు ఎటు పరుగెత్తాలి?

దీని మూల్యం లెక్కకు అందనిదేమీ కాదు. అమెరికాలో 67 ఎన్ఐసీయూలను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, నర్సులు కావలసినంత మంది లేని చోట ఒకటిన్నర కిలోల లోపు పిల్లలకు ఆసుపత్రి ఇన్ఫెక్షన్లు ఎక్కువగా వచ్చాయని తేలింది. కారణం ఊహించడం కష్టం కాదు. పని ఎక్కువైతే మొదట తగ్గిపోయేది చేతులు కడుక్కోవడం.

నేర్పడం అంటే ఎలా?

ప్రభుత్వం దగ్గర ఒక శిక్షణ విధానం ఉంది. పుట్టగానే ఏడవని బిడ్డకు ఊపిరి అందించడం, వెచ్చగా ఉంచడం నేర్పే రెండు రోజుల నవజాత శిశు సురక్షా కార్యక్రమం 2009 నుంచి ఉంది. ఎస్ఎన్‌సీయూలో పనిచేసేవాళ్లకు నాలుగు రోజుల తరగతులు, ఆ తర్వాత పెద్ద కేంద్రంలో 14 రోజులు ఉండి పని చూసే శిక్షణ ఉంది. మంచి ఏర్పాటే. కానీ అది ఉద్యోగంలో చేరిన ఎన్నాళ్లకు అందుతుందన్నదే అసలు సమస్య. వార్డులో చేరిన ఏడాదికి వచ్చే శిక్షణ, ఈత వచ్చాక ఇచ్చే ట్యూబు లాంటిది.

నా అభిప్రాయంలో మొదటి మూడు నెలలు ఏ కొత్త నర్సునూ ఈ వార్డులో ఒంటరిగా వదలకూడదు. వాటిని ఇలా విడగొట్టుకోవచ్చు.

మొదటి రెండు వారాలు: చేతులు కడుక్కోవడం, బిడ్డను ముట్టుకోవడం, ఉష్ణోగ్రత చూడటం. చంక కింద 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ ఎలా ఉంటుందో కళ్లకు పట్టాలి. మామూలు తెలిస్తేనే తేడా తెలుస్తుంది. బ్యాగ్, మాస్క్‌తో ఊపిరి అందించడం బొమ్మ మీద చేసి చేసి చేతికి అలవాటు కావాలి.

మొదటి నెలాఖరుకు: గొట్టంతో తల్లిపాలు పట్టడం, తల్లికి పాలు పిండటం నేర్పడం, కంగారూ కేర్, కామెర్లకు నీలిరంగు లైట్ల కింద పెట్టిన బిడ్డను చూసుకోవడం. ఇద్దరు ముగ్గురు నిలకడగా ఉన్న పిల్లల బాధ్యత, సీనియర్ కళ్ల ముందు.

రెండు, మూడు నెలల్లో: కాన్యులా, ఇన్‌ఫ్యూజన్ పంపు, మందుల లెక్కలు. ఏ మందైనా ఇంకొకరు చూసి సరేనన్నాకే ఎక్కించడం. సీప్యాప్ మీద ఉన్న బిడ్డ దగ్గర సీనియర్‌తో కలిసి నిలబడటం.

వెంటిలేటర్ పిల్లల వంతు ఆరు నెలలు దాటాకే. మొదటి రాత్రి డ్యూటీలన్నీ ఒక సీనియర్ జతగా.

ఇందులో విదేశాల నుంచి తెచ్చుకోవలసిన మెషిన్ ఒక్కటీ లేదు. నేర్పే సీనియర్‌కు ఆ నెలల్లో కాస్త తక్కువ మంది పిల్లల్ని ఇవ్వాలి. అంతే.

కొత్తగా చేరుతున్న సిస్టర్‌కు

ఈ పేజీ మీ అమ్మాయి చేతిలో కూడా పెట్టండి. ఆమెకు నాలుగు మాటలు.

అమ్మా, అలారం మోగితే ముందు మెషిన్ వైపు కాదు, బిడ్డ వైపు చూడు. ఛాతీ కదులుతోందా, పెదవుల రంగు ఎలా ఉంది అని. నెలలు నిండని పిల్లలు నిద్రలోనే ఊపిరి ఆపేస్తుంటారు. 20 సెకన్లు దాటితే దాన్ని అప్నియా అంటాం. చాలాసార్లు అరికాలు మీద చిన్నగా తట్టినా, వీపు రుద్దినా మళ్లీ తీసుకుంటారు. తీసుకోకపోతే బ్యాగ్, మాస్క్ ఎక్కడున్నాయో వెతుక్కునే పరిస్థితి ఉండకూడదు. డ్యూటీ ఎక్కగానే ఒకసారి అవి సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూసుకో.

వాచీ, ఉంగరం, గాజులు వార్డు బయటే. గోళ్లు పొట్టిగా ఉండాలి. లోపలికి అడుగుపెట్టేటప్పుడు మోచేతుల దాకా కడుక్కోవాలి. ఒక బిడ్డ నుంచి ఇంకో బిడ్డ దగ్గరకు వెళ్లే ప్రతిసారీ చేతులు శుభ్రం చేసుకోవాలి. డాక్టర్ మరిచిపోతే నాలాంటివాడినైనా సరే ఆపు. ఆ హక్కు నీకుంది.

తెలియనిది తెలియదని చెప్పు. 'ఈ మందు ఎప్పుడూ ఎక్కించలేదు, ఒకసారి చూపించండి' అనడానికి సిగ్గుపడకు. అడిగినందుకు ఎవరైనా కసురుకుంటే తప్పు వాళ్లది. డ్యూటీ అప్పగించేటప్పుడు నోటిమాటతో సరిపెట్టకు. బిడ్డ పక్కన నిలబడి, రాసి, చూపించి అప్పగించు. ఏ పొరపాటైనా జరిగితే దాచకుండా వెంటనే చెప్పు. అలా చెప్పిన నర్సును శిక్షించే వార్డులో పొరపాట్లు తగ్గవు, దాచడం పెరుగుతుంది.

హెపటైటిస్-బి టీకాలు పూర్తయ్యాయో లేదో చేరే ముందే చూసుకో. ఖాళీ కడుపుతో రాత్రి డ్యూటీకి రాకు. పొద్దున ఇంటికెళ్లాక నిద్రే మొదటి పని.

ఒకరోజు నువ్వు చూసుకున్న బిడ్డ చనిపోతుంది. ఇది దాచి చెప్పడం నాకు చేతకాదు. ఆ రోజు ఏడుపొస్తే ఏడువు. అది బలహీనత అని ఎవరన్నా పట్టించుకోకు. కానీ ఒంటరిగా ఇంటికి మోసుకుపోకు. ఇన్‌ఛార్జి సిస్టర్‌తోనో, డాక్టర్‌తోనో కూర్చుని ఏం జరిగిందో మాట్లాడు. చేయగలిగిందంతా చేశామా, ఇంకేదైనా చేసి ఉండొచ్చా అని తెలుసుకుంటే ఆ బరువు కొంత దిగుతుంది.

తల్లిదండ్రులకు ఇక్కడ ఒక విన్నపం. ఆ రోజు అమ్మాయి మౌనంగా ఇంటికి వస్తే 'అలవాటైపోతుందిలే' అనకండి. 'మానేయ్' అని కూడా అనకండి. అన్నం పెట్టి, పక్కన కూర్చోండి. వారాల తరబడి నిద్ర పట్టకపోతే, డ్యూటీ అంటేనే వణుకు వస్తుంటే మాత్రం డాక్టర్‌కు చూపించండి.

జీతం, ఎదుగుదల

మధ్యతరగతి ఇంటికి ఈ లెక్క ముఖ్యమే. ఎస్ఎన్‌సీయూల్లో చాలా ఉద్యోగాలు నేషనల్ హెల్త్ మిషన్ కింద కాంట్రాక్టు పద్ధతిలో ఉంటాయి. రెగ్యులర్ పోస్టులకు రాష్ట్ర ప్రభుత్వాల నోటిఫికేషన్లు వస్తుంటాయి. మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లతో సహా దేశంలోని ఎయిమ్స్‌లలో నర్సింగ్ ఆఫీసర్ ఉద్యోగాలకు నార్‌సెట్ పరీక్ష ఉంది. ఈ రంగంలోనే స్థిరపడాలనుకుంటే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తించిన ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా ఇన్ నియోనాటల్ నర్సింగ్ చేయవచ్చు.

ప్రైవేటు జీతాల మీద ఒక విషయం తెలిసి ఉండాలి. 2016లో సుప్రీంకోర్టు ఆదేశాల మేరకు కేంద్రం వేసిన కమిటీ కొన్ని సిఫార్సులు చేసింది. 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సు జీతం ఆ రాష్ట్రంలోని అదే హోదా ప్రభుత్వ నర్సుతో సమానంగా ఉండాలి. వంద దాటితే తేడా 10 శాతానికి, 50 నుంచి వంద పడకలైతే 25 శాతానికి మించకూడదు. 50 లోపు పడకలున్నా నెలకు 20 వేల రూపాయలకు తగ్గకూడదు. పదేళ్ల నాటి ఆ సిఫార్సు కంటే ఇప్పటికీ తక్కువ జీతాలు ఇచ్చే చోట్లు ఉన్నాయి. అలాంటి చోట చేరేముందు ఆలోచించండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకుంటామనే యాజమాన్యానికి మాత్రం ఇవ్వకండి. జిరాక్సులు చాలు.

'నేర్పితే వెళ్లిపోతారు' అంటారు

మూడు నెలల శిక్షణ అనగానే అధికారులూ, యాజమాన్యాలూ చెప్పే అభ్యంతరాలు రెండు. మొదటిది, ఉన్నదే నలుగురైతే ఒకరిని శిక్షణలో పెట్టి వార్డు ఎలా నడపాలని. ఇది నిజమైన ఇబ్బందే, కాదనను. కానీ నేర్వని నర్సు చేతిలో పిల్లలు ఎక్కువ రోజులు వార్డులో ఉంటారు, ఇన్ఫెక్షన్లు వస్తాయి, పడకలు ఖాళీ కావు. నలుగురి పని ఆరుగురికి సరిపోయేంత అవుతుంది. నేర్పడానికి పెట్టిన సమయం ఆ ఏడాదిలోనే తిరిగి వస్తుంది.

రెండోది, నేర్పాక జర్మనీకో గల్ఫ్‌కో పోతారని. పోతారు. మెరుగైన బతుకు కోసం వెళ్లే హక్కు డాక్టర్‌కూ ఇంజనీర్‌కూ ఉన్నట్టే నర్సుకూ ఉంది. కానీ విదేశాలకంటే ముందు మన నర్సులను మనకు దూరం చేస్తున్నది ఇంకొకటి ఉంది. ఎన్ఐసీయూలో ఏడాది పాటు పని నేర్చుకుని చేయి తిరిగిన నర్సును సాధారణ బదిలీలో ఆర్థోపెడిక్ వార్డుకో, ఓపీకో పంపిస్తాం. అక్కడి నుంచి ఒకరిని తెచ్చి వెంటిలేటర్ ముందు నిలబెడతాం. గుండె ఆపరేషన్లు చేసే డాక్టర్‌ను కళ్ల విభాగానికి బదిలీ చేస్తే నవ్వుతాం. నర్సు విషయంలో మాత్రం 'నర్సు నర్సే కదా' అంటాం. నవజాత శిశు వార్డులో శిక్షణ పొందిన నర్సును, ఆమె కోరుకుంటే తప్ప, కనీసం మూడేళ్లు కదపకూడదన్నది నా అభిప్రాయం. దీనికి పెద్దగా ఖర్చు లేదు. ఒక ఉత్తర్వు చాలు.

మీ బిడ్డ లోపల ఉంటే

ఇక రెండో రకం కుటుంబాలకు. బిడ్డ లోపల, మీరు బయట బెంచీ మీద. నర్సు తలుపు తీసినప్పుడల్లా గుండె ఆగినంత పని. ఆ స్థితిలో కోపం రావడం సహజం. అది మొదట ఎదురుపడేది నర్సుకే. దయచేసి ఆ కోపాన్ని ప్రశ్నగా మార్చండి. 'ఈ షిఫ్టులో మా బిడ్డను చూసుకునే సిస్టర్ ఎవరు? ఆమె చేతిలో ఎంతమంది పిల్లలున్నారు? రాత్రి సీనియర్ ఎవరుంటారు?' ఇవి అడగడం మీ హక్కు. అయితే నర్సును నిలదీసి కాదు, డాక్టర్‌నో సూపరింటెండెంట్‌నో అడగండి. డ్యూటీ చార్టు వేసేది ఆమె కాదు కదా.

మీరు చేయగలిగింది ఇంకొకటి ఉంది. తల్లిదండ్రులకు నేర్పి బిడ్డ సంరక్షణలో భాగం చేసే పద్ధతికి 2017లోనే జాతీయ మార్గదర్శకాలు వచ్చాయి. చేతులు ఎలా కడుక్కోవాలో, పాలు ఎలా పిండాలో, బిడ్డను చర్మానికి చర్మం తగిలేలా ఎదపై ఎలా పెట్టుకోవాలో నర్సులు నేర్పుతారు. ఈ కంగారూ కేర్ చిట్కా వైద్యం కాదు. మన దేశంతో పాటు నాలుగు ఆఫ్రికా దేశాల్లో జరిగి 2021లో వెలువడిన పరిశోధనలో, కిలో నుంచి కిలో ఎనిమిది వందల గ్రాముల లోపు పిల్లలకు పుట్టిన వెంటనే కంగారూ కేర్ మొదలుపెడితే 28 రోజుల్లోపు మరణాలు నూటికి దాదాపు 16 నుంచి 12కు తగ్గాయి. తల్లికి ఆపరేషన్ అయి ఉంటే తండ్రి చేయొచ్చు, అమ్మమ్మ చేయొచ్చు. మీరు ఎదపై పెట్టుకున్న బిడ్డ వెచ్చదనం గురించి నర్సుకు ఆ రెండు గంటలు బెంగ ఉండదు. ఇంకో బిడ్డను చూసుకోగలుగుతుంది.

లోపలికి తేనె, ఉగ్గు తెస్తామని మాత్రం పట్టుబట్టకండి. సిస్టర్ వద్దంటే అది పొగరు కాదు, మీ బిడ్డ మేలే.

నెలలు నిండని బిడ్డ బరువు పెరిగి ఇంటికి వెళ్లే రోజు, అందరూ డాక్టర్ దగ్గరకు స్వీట్ బాక్స్ పట్టుకుని వస్తారు. నేనూ తీసుకుంటాను. కానీ ఆ బిడ్డ రెండు గంటలకోసారి తాగిన పాలు, పక్కకు తిప్పి పడుకోబెట్టిన రాత్రులు, కడిగి కడిగి పగిలిన చేతులు.. ఇవన్నీ ఆ వార్డులోని అమ్మాయిలవి. వాళ్లను 'సేవామూర్తులు' అని పొగిడి ఊరుకుంటే సరిపోదు. పని నేర్పించాలి, సరిపడా మందిని పెట్టాలి, నేర్చుకున్నవాళ్లను అక్కడే ఉండనివ్వాలి, తగిన జీతమివ్వాలి. మీ ఊరి ఆసుపత్రి అభివృద్ధి కమిటీలోనో, ఎమ్మెల్యే వచ్చిన సమావేశంలోనో ఈసారి మాట్లాడే అవకాశం వస్తే కొత్త మెషిన్ కావాలని అడగకండి. ఉన్న మెషిన్ పక్కన నిలబడే నర్సుకు మూడు నెలలు నేర్పమని అడగండి.